గోడ కడుపులో కుండ

అక్టోబరు మొదటి సోమవారం పొద్దున్నే షువాయి మా వాకిట్లోకి వచ్చి, మోకాళ్ళు వంచి, అరచేతులు గుల్లగా పట్టి రెండుసార్లు చప్పట్లు కొట్టింది. పెద్దవాళ్ళను పలకరించే తీరు అదే, కాదనను. కానీ ఆ పిల్ల మామూలుగా మ్యూజియం బండి రోడ్డు మీదే ఆపి, హారన్ కొట్టి, "బాబాయ్, టీ ఉందా?" అని అరిచే రకం. ఇంత మర్యాద చేస్తోందంటే ఏదో ముంచుకొచ్చిందన్నమాట.

"ఎవరు పోయారమ్మా?" అన్నాను.

"మనుషులు కాదు బాబాయ్. గాజుముక్క పోయింది."

మా రాతికోటలో గోడ కదులుతోందని అనుమానం వస్తే రెండు రాళ్ళ మధ్య సన్నటి గాజుముక్క అతికిస్తారు. గోడ వెంట్రుకవాసి జరిగినా గాజు టప్పున పగులుతుంది. కోటను చూసుకునే మ్యూజియం తరఫున షువాయి ఆ గోడల మేస్త్రీలకు పెద్ద. పన్నెండుమంది మగవాళ్ళు ఆమె మాట వింటారు.

"ఏ గోడ?"

"తూర్పు దారి పక్కది. పెదనాన్న కట్టింది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

పెదనాన్న అంటే చమునోర్వా. ఆ పిల్ల తండ్రికి అన్న. ముప్ఫై ఏళ్ళు పెద్దమేస్త్రీగా చేసి నాలుగేళ్ళ కింద దిగిపోయాడు. తను కట్టిన గోడ ఒక్కటి కూడా వంగలేదన్నదే వాడి గొప్ప. పెన్షన్ కాయితం కంటే ఆ మాటే ఎక్కువ భద్రంగా దాచుకుంటాడు.

"నాకు సుత్తి పట్టడం నేర్పింది ఆయనే," అంది షువాయి. "ఆయన ముందు నిలబడి నీ గోడకి పొట్టొచ్చింది, వచ్చే నెల వానల్లోపు విప్పాలి అని ఏ నోటితో అనను? పెద్దమ్మ అనలేదు, మా నాన్న అనలేడు. నువ్వు సహ్విరావి. నువ్వేమన్నా చెల్లుతుంది."

అది నిజం. వాళ్ళింటికి నేను సహ్విరాని. మా తాత వాళ్ళ తాతకు. రక్తం పంచుకున్న చుట్టరికం కాదు, అంతకంటే గట్టిది. చమునోర్వా తల్లి పోయినప్పుడు ఆవిడ తలగుడ్డ కట్టుకుని, ఆవిడ కర్ర పట్టుకుని, ఆవిడలాగే కుంటుతూ శవం చుట్టూ తిరిగింది నేనే. "ఏడుస్తున్నావా కోడలా? బతికుండగా ఉప్పు అడిగితే లేదన్నావుగా!" అని అందరి పరువూ తీశాను. ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. ఆ పని కొడుకు చెయ్యకూడదు, అల్లుడు చెయ్యకూడదు. సహ్విరా చెయ్యకపోతేనే తప్పు. ఎవరూ అనలేని మాట అనడానికే ఉన్నాను నేను.

అయితే ఈ గోడ సంగతిలో నేను అనాల్సింది వేరే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

ఆ ఏడు వానలకు తూర్పు దారి గోడ పది బారలు కూలింది. చమునోర్వా, నేను, ఇంకో ఆరుగురం కలిసి తిరిగి కట్టాం. మా గోడలకు సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, అంతే. బయట రెండు పక్కలా చెక్కిన రాళ్ళ వరసలు లేపుతాం, మధ్యలో చిన్నరాళ్ళు ఒత్తుగా కూరుతాం. బయట ఎంత అందంగా పేర్చినా లోపల బోలు మిగిలితే గోడ ఏదో ఒకనాటికి పొట్ట పెడుతుంది. "మూసేముందు చెయ్యి పెట్టి చూడండ్రా. వేలు దూరితే రాయి కొట్టండి" అని చమునోర్వా రోజుకు పదిసార్లు అరిచేవాడు.

వాడి పెళ్ళాం, కూతురి పేరు మీద అందరం నేట్సాయి తల్లి అంటాం, పెద్దల పూజకని రాగులు మొలకెత్తించి ఏడురోజుల బీరు కాచింది. వంటింటి వెనక నీడలో మూడు కుండలు పెట్టింది. అందులో చిన్నది నేను ఎత్తుకొచ్చాను. మరీ చిన్నదేం కాదు, దూడ తలకాయంత ఉంటుంది. ఎండ మాడ్చేస్తోంది, మధ్యాహ్నం చమునోర్వాకు చూపించి వాడి కళ్ళు పెద్దవి చేయించాలని నా ఉబలాటం. పనిచోట బీరు కనిపిస్తే ఆ పూటే పని ఊడుతుంది. అందుకని గోడ మధ్యలో కుండ దించి, పైన పలకరాయి కప్పి, నాలుగు ముక్కలు చల్లాను.

ఇంతలో సూపర్‌వైజరు నన్ను కొండ మీదికి గోడ నిలువు చూసే తూకం గుండు తెమ్మని పంపాడు. నేను దిగొచ్చేసరికి మబ్బు పట్టింది. వాన రాకముందే మూసెయ్యాలని చమునోర్వా సంకటి కూడా తినకుండా పనిలో దిగి మూడు వరసలు లేపేశాడు. పక్కన సూపర్‌వైజరు నిలబడి, "చెయ్యంటే ఇదయ్యా" అని మెచ్చుకుంటున్నాడు. నేను నోరు తెరిచి మూసుకున్నాను.

రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఇంకో నాలుగు వరసలు లేచాయి. ఎల్లుండికి నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. ఆ దారిన పోయినప్పుడల్లా, "ఏం గోడా, దాహం తీరిందా?" అని పలకరించి పోయేవాణ్ణి.

ఇక నేట్సాయి తల్లి. ఆ కుండను మొగుడు బస్సులు ఆగే చోట బీరుకొట్టు పెట్టిన మంబోగో అనే ఆడమనిషికి ఇచ్చాడని ఆవిడ తేల్చేసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఇంట్లో ఏ తగాదా దేనితో మొదలైనా చివరికి ఆ కుండ దగ్గరికే వచ్చేది.

షువాయి వెళ్ళాక కోటు తొడుక్కుని చమునోర్వా ఇంటికి నడిచాను. వాడు వాకిట్లో పీట మీద కూర్చుని పారకు కర్ర బిగిస్తున్నాడు.

"ఒరే మోయో, బతికే ఉన్నావా? నీ శవం దగ్గర ఏం వాగాలో దారంతా సాధన చేసుకుంటూ వచ్చాను. గొంతంతా వృథా."

"ముందు నువ్వు పోరా కోతీ. నీ శవం దగ్గర వాగడానికి నాకు సాధన అక్కర్లేదు. తిన్నాడు, పోయాడు. అయిపోయింది."

మాది కోతి వంశం, వాళ్ళది గుండె వంశం. మోయో అంటే గుండె. వంశం పేరుతో పిలిస్తే మర్యాద, జంతువు పేరుతో పిలిస్తే స్నేహం.

వంటింట్లోంచి నేట్సాయి తల్లి అందుకుంది. "తిన్నాడు, తాగాడు, పోయాడు అనండి. అసలుదే మర్చిపోతున్నారు."

ఆవిడ సంకటీ, వేరుశనగ ముద్ద కలిపిన గుమ్మడాకు కూరా తెచ్చి ముందు పెట్టింది. మామూలుగా అయితే రెండోసారి అడిగి పెట్టించుకునేవాణ్ణి. ఆ రోజు ముద్ద చేసి కంచం అంచునే పెట్టాను. చమునోర్వా అది చూశాడు.

"ఏంట్రా, కోతి తిండి మానేసింది?"

"నీ గోడకి కడుపొచ్చిందిరా."

"ఏ గోడ?"

"తూర్పు దారిది."

వాడు గట్టిగా నవ్వాడు. "దానికి కడుపొచ్చేదుంటే ముందు ఈ ముసలిదానికొస్తుంది."

"ఛీ, నోరు చూడు," అంది ఆవిడ.

నేను నవ్వలేదు. వాడి నవ్వు మెల్లగా ఆగింది.

"షువాయి పంపిందా?"

"గాజు పగిలింది."

వాడు పార పక్కన పెట్టాడు. ఇంట్లోకి పోయి సుత్తి తీసుకున్నాడు. దిగిపోయినా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వాడి వేళ్ళు పడి పడి పిడి నడుము సన్నబడింది. ఇద్దరం కోట వైపు నడిచాం.

ఆ గోడల్ని మా తాతలు కట్టలేదని, ఎక్కడినుంచో సముద్రం దాటొచ్చిన రాణి కట్టించిందని దొరల కాలంలో చెప్పేవాళ్ళు. మా నాయనమ్మ ఆ మాటకు పడీపడీ నవ్వేది. "అంత దూరం నుంచి వచ్చి, మన కుండల్లోనే వండుకుని, మన కుండలే పగలగొట్టి పోయిందా పాపం?" అనేది. ఎక్కడ తవ్వినా మా కుండపెంకులే మరి. దొరలు పోయాక దేశానికే రాతి ఇళ్ళు అని అర్థమొచ్చే ఈ కోట పేరు పెట్టుకున్నాం. చమునోర్వా లాంటివాడికి ఆ గోడ మీద చెయ్యి వెయ్యడమంటే ఉద్యోగం కాదు. ఆరేడువందల ఏళ్ళ కిందటి మేస్త్రీ ఒక రాయి అందిస్తే అందుకుని పెట్టడం.

గోడ దగ్గర షువాయి, నలుగురు మేస్త్రీలు ఉన్నారు. వాణ్ణి చూసి టోపీలు తీశారు. వాడు ఎవరినీ చూడలేదు. అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, పక్కకు జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"లోపల బోలు వదిలాను," అన్నాడు.

"లేదు పెదనాన్నా, వానలకి..."

"వాన అందరి గోడల మీదా పడింది. పక్కది చూడు, వందల ఏళ్ళది, కదల్లేదు. నాది ముప్ఫై ఏళ్ళకే పొట్ట పెట్టింది." అరచెయ్యి గోడ మీంచి తీసేశాడు. "మీ అందర్నీ ఎంత తిట్టానర్రా. లోపల చూడండి, లోపల చూడండని. నేనే చూడలేదు."

ఇంక ఆపుకోలేకపోయాను.

"నువ్వు కాదురా. నేను. ఆ మధ్యలో కుండ పెట్టాను. బీరు కుండ. నువ్వు చూసుకోకుండా మూసేశావు."

మేస్త్రీలు నలుగురూ ఒకేసారి పగలబడి నవ్వారు. షువాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చమునోర్వా కూడా పెదవి కదిపాడు.

"చూశావా షువాయీ? మనిషి సిగ్గుతో చస్తుంటే సహ్విరా తన మెడ మీదికి తెచ్చుకుంటాడు. మంచోడివిరా కోతీ."

"నిజంరా! మా అమ్మ మీద ఒట్టు!"

"మా అమ్మ దినాల్లో కూడా మీ అమ్మ మీదే ఒట్టేశావు. మా అమ్మ పోలేదు, పొరుగూళ్ళో ఇంకో మొగుణ్ణి చూసుకుందని."

మళ్ళీ నవ్వులు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. డెబ్భై ఏళ్ళు నేను ఏమన్నా చెల్లింది. ఎందుకంటే ఒక్కటీ నిజం కాదు. ఈనాడు నిజం చెబితే దానికి కూర్చోడానికి పీట వేసేవాడు లేడు.

చమునోర్వా సుత్తిని షువాయి చేతిలో పెట్టాడు. "విప్పండి. నేను రాను. ఇది ఇంకెవరికైనా ఇవ్వు."

విప్పడం అంత తేలిక కాదు. ప్రతి రాయి ముఖాన సుద్దతో అంకె వేసి ఫొటో తియ్యాలి, ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో మళ్ళీ అక్కడికే పోవాలి. దానికే మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత కూడా ఆ గోడ లేపిన పెద్దమేస్త్రీ ముక్కుపొడి చల్లి, చప్పట్లు కొట్టి, కోట కట్టిన పెద్దలకు ఒక మాట చెప్పందే పై రాయి కదల్చరు. చమునోర్వా బతికుండగా ఆ పని ఇంకొకడు చెయ్యడు. వాడేమో మంచం దిగడం లేదు. పడమట మబ్బులు రోజూ ఒక జానెడు పైకి లేస్తున్నాయి.

షువాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నీ మనసు నాకు తెలుసు బాబాయ్," అంది. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది. చంపేశావు తల్లీ అనుకున్నాను.

ఇక మిగిలింది నేట్సాయి తల్లి. గురువారం పొద్దున వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లో చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, జోక్ ఒక్కటీ వెయ్యకుండా, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చేతులు మాత్రం ఒలుస్తూనే ఉన్నాయి.

"ఎలాంటి కుండ?"

"మెడ చుట్టూ వంకర గీతలున్నాయి. పాము పాకినట్టు."

"ఆ గీతలు నేను చేసే ప్రతి కుండకీ ఉంటాయి. పెద్దగోడ నెత్తిన కూడా ఉన్నాయి, దాన్ని చూసే మా అమ్మమ్మలు నేర్చుకున్నారు. అది చెప్పడం గొప్ప కాదు. అంచు ఎలా ఉంది?"

ఆలోచించాను. చేతికి గుర్తొచ్చింది, తలకు కాదు. "ఒకచోట విరిగుంది. బొటనవేలు పట్టేంత. ఎత్తుకొస్తుంటే నా వేలు అందులోనే పెట్టి పట్టుకున్నాను."

ఆవిడ చేతులు ఆగాయి.

"ఆ పొద్దున్నే నేట్సాయి గరిటెతో కొట్టింది," అంది మెల్లగా. "పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. కొడతారని ఏడుస్తుంటే, ఎవరికీ చెప్పనులే అన్నాను. ఆయన కూడా చూడలేదు."

పొట్టు దులుపుకుని లేచింది. ఇంటి గుమ్మంలో నిలబడి లోపలికి కేకేసింది.

"నేట్సాయి నాన్నా! లే. గోడ దగ్గరికి పోదాం."

"నాకేం పని అక్కడ? సుత్తి కూడా ఇచ్చేశాను."

"ఉత్త చేతుల్తో రా. నా కుండ అందులో ఉందట. తీసుకోడానికి నేను పోతున్నాను. నువ్వు రాకపోతే ముక్కుపొడి నేనే చల్లుతాను, మీ పెద్దలు ఏమన్నా అనుకోనీ."

మంచం కిర్రుమంది. ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు ముందు నడువు. నా పక్కన నడిచావంటే చీపురు తిరగేస్తాను."

చమునోర్వా గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కుపొడి చల్లాడు. చప్పట్లు కొట్టి, "కట్టినవాళ్ళారా, నా పని విప్పుతున్నాను. మీ పని ముట్టను," అన్నాడు. వెళ్ళి పక్కన బండ మీద, వీపు గోడ వైపు పెట్టి కూర్చున్నాడు.

రెండు రోజులు రాళ్ళు దిగాయి. నేట్సాయి తల్లి చాప తెచ్చుకుని, వేరుశనక్కాయల గంప పక్కన పెట్టుకుని అక్కడే కూర్చుంది. దిగిన ప్రతి వరసకీ నా వైపు ఒక చూపు విసిరింది. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కాలేదు. కుండ లేకపోతే? ముప్ఫై ఏళ్ళుగా నేను కలగన్నానేమో అని కూడా అనిపించింది.

శనివారం మధ్యాహ్నం ఒక మేస్త్రీ చెయ్యి ఆపాడు. "అమ్మా షువాయీ, ఇక్కడ రాళ్ళు నల్లగా ఉన్నాయి. పాత మరక."

చమునోర్వా బండ మీద నుంచి లేచాడు. అందరూ పక్కకు జరిగారు. వాడు చొక్కా చెయ్యి మడిచి, గోడ మధ్యలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు వెతికాడు. లోపల పెంకులు గలగలమన్నాయి. తీసినప్పుడు చేతిలో కుండ మెడ ఉంది, మెడ చుట్టూ వంకర గీతలు, అంచుకు ఒక విరుపు.

వాడు బొటనవేలు ఆ విరుపులో పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది.

ఎవరూ నవ్వలేదు. నేట్సాయి తల్లి వచ్చి మెడ తీసుకుని తన నడుముగుడ్డ చివరతో తుడిచింది.

"మంబోగోతో నేను మాట్లాడలేదు," అంది. ఎవరితోనో కాదు, ఆ పెంకుతోనే అన్నట్టు. "బస్సు దిగితే తల తిప్పుకుని పోయేదాన్ని. నవ్వుతూ పలకరించేది పాపం. పోయి ఆరేళ్ళయింది. దినానికి కూడా వెళ్ళలేదు."



"రేపు ఆవిడ సమాధి దగ్గరికి పోదాం," అంది నాతో. "నువ్వు చప్పట్లు కొట్టి నోటితో చెప్పాలి. జోకులొద్దు."

"చెబుతాను. జోకులుండవు," అన్నాను.

చమునోర్వా ఇంకా గోడలోకే చూస్తున్నాడు. నాకు వాడి వీపు మాత్రమే కనిపిస్తోంది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఒరే," అన్నాడు తిరక్కుండానే. "అది పెద్దల పూజకి కాచిన బీరు కదూ?"

"అవునురా."

"ఆ ఏడు పూజలో కుండ తగ్గిందని మా నాన్న ఎంత గొడవ చేశాడు! పెద్దల బీరు పెద్దల ఇంట్లోకే పోయిందన్నమాట."

భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి రాళ్ళ మీద కూలబడ్డాడు. మేస్త్రీలు వీపు నిమిరారు. నేను మాత్రం దూరంగానే నిలబడ్డాను. నవ్వు ఆగాక ఏముంటుందో తెలియదు కదా.

నవ్వు ఆగింది. కళ్ళు తుడుచుకుని, "అయినా మూసేముందు నేను చెయ్యి పెట్టి చూడలేదు," అన్నాడు. "ఆ రోజు మబ్బు చూశాను, గోడ చూడలేదు. సగం తప్పు నాది."

"మూడొంతులు నాది."

"బేరమాడకు. సగమన్నాను."

షువాయి కాయితాల అట్ట తీసింది. గోడ ఎందుకు కదిలిందో అందులో ఒక గడిలో రాయాలి. కలం పట్టుకుని పెదనాన్న వైపు చూసింది.

"కోతి అని రాయి," అన్నాడు వాడు.

తర్వాత చెయ్యి చాపాడు. ఆ పిల్లకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బండి దగ్గరికి పరుగెత్తి సుత్తి తెచ్చింది. ఎవరికీ ఇవ్వలేదు, సీటు కింద గుడ్డలో చుట్టి ఉంచింది. చమునోర్వా దాన్ని తిప్పి చూసి, పక్కనున్న రాయి మీద టక్కుమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

సోమవారం నుంచి తిరిగి కట్టడం మొదలైంది. వాడు పైన నిలబడి రాయి అమరుస్తాడు. నాకు ఇచ్చిన పని మధ్యలో చిన్నరాళ్ళు కూరడం, కొత్తగా పనిలో చేరినవాడికి ఇచ్చేది. నడుం పడిపోతోంది మొర్రో అంటే, కుండ మోసినప్పుడు పడలేదేం అంటాడు. నేట్సాయి తల్లి రోజూ మధ్యాహ్నం సంకటి పంపుతోంది. నా వాటాలో కూర తక్కువ. ఆ మెడపెంకు మాత్రం ఆవిడ వంటింటి గూట్లో పెట్టుకుంది.

ఒక్కొక్క వరస మూసేముందు చమునోర్వా పని ఆపిస్తాడు. కిందికి వంగి, నిండా కూరిన రాళ్ళలోకి వేళ్ళు దూర్చి చూస్తాడు. ఎక్కడా దూరదు. అప్పుడు నా వైపు తిరుగుతాడు.

"చేతులు చూపించు."

రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపిస్తాను.

"కోటు జేబులు?"

జేబులు బయటికి లాగి చూపిస్తాను. అప్పుడు రాయి పెడతాడు.